‘డెడ్ మ్యాన్ వాకింగ్’ చూశాను, ఆ కొడుకు పోయిన తండ్రి గురించి మాట్లాడుకుందాం

అల్లూరు చేను | శనివారం, రాత్రి 10:52

నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్లో ‘డెడ్ మ్యాన్ వాకింగ్’ చూశాను. 1995లో వచ్చిన అమెరికా సినిమా, టిమ్ రాబిన్స్ తీశాడు. చివరి దాకా కథ చెప్పకుండా నా మాట చెప్పలేను, కాబట్టి చూడనివాళ్ళు ముందు సినిమా చూసి రండి.

లూసియానా రాష్ట్రంలో మరణశిక్ష పడిన ఒక ఖైదీ హెలెన్ అనే సిస్టర్‌కు ఉత్తరం రాస్తాడు. ఇద్దరు కలిసి ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని అడవిలో చంపారు. మంచి లాయరు దొరికినవాడు యావజ్జీవంతో బయటపడ్డాడు, ఇతనికి మరణశిక్ష వేశారు. సిస్టర్ జైలుకు వెళ్ళడం మొదలుపెడుతుంది. ఆఖరికి అతనికి ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు అద్దానికి ఇవతల కూర్చుని అతని వంకే చూస్తూ ఉంటుంది. సిస్టర్‌గా వేసిన సూజన్ సరాండన్‌కు ఆస్కార్ వచ్చింది. ఖైదీ షాన్ పెన్. అందరూ వాళ్ళిద్దరి గురించే రాస్తారు. నాకు మాత్రం చనిపోయిన అబ్బాయి తండ్రి డెలాక్రూ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

క్షమాభిక్ష విచారణ దగ్గర ఆయన ఆ సిస్టర్‌ను అడుగుతాడు, వాడి దగ్గరికి అన్నిసార్లు వెళ్ళారే, మా ఇంటికి ఒక్కసారి రావాలనిపించలేదా అని. ఆమె దగ్గర జవాబు లేదు. నేను అక్కడ సినిమా ఆపేసి కాసేపు వసారాలో కూర్చున్నాను.

మా తమ్ముడు 2011లో పోయాడు. రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా ఉండేవాడు. కూడా పనిచేసేవాడితోనే డబ్బుల దగ్గర మాటా మాటా పెరిగింది. అంతకు మించి రాయలేను. కేసు ఐదేళ్ళు నడిచి 2016లో యావజ్జీవం పడింది. తీర్పు రోజు చాలామంది మా చేతులు పట్టుకుని న్యాయం జరిగింది అన్నారు. అమ్మ మాత్రం ఒకటే అడిగింది, "వాడి వాచీ ఇస్తారా?" అని. కోర్టులో ఆ వాచీకి ఒక నంబరు. అట్టముక్క మీద రాసి దారంతో కట్టారు. దాన్ని పైకెత్తి సాక్షికి చూపించినప్పుడల్లా అమ్మ బెంచీ మీద నుంచి ముందుకు వంగేది, ముల్లు తిరుగుతోందేమోనని.

శిక్ష పడాలి. అందులో నాకు అనుమానం లేదు. కానీ శిక్ష పడిన మర్నాటి నుంచి పోగొట్టుకున్నవాళ్ళ గడప తొక్కేది ఎవరు? ఈ సినిమా చూసినవాళ్ళు ఉంటే చెప్పండి.

సూళ్లూరుపేట కుర్రోడు | శనివారం, రాత్రి 11:15

అక్కా, మీ తమ్ముడి విషయం చదివి చాలా బాధేసింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. ఐదేళ్ళు కోర్టు చుట్టూ తిప్పడమే ఆ ఇంటికి రెండో శిక్ష. 2019 డిసెంబర్ 6న దిశ కేసు నిందితులను చటాన్‌పల్లి దగ్గర ఎన్‌కౌంటర్ చేసినప్పుడు మా హాస్టల్లో స్వీట్లు పంచారు. నేనూ తీసుకున్నాను. నిర్భయ కేసులో ఉరి పడేసరికి ఏడేళ్ళు దాటింది. 2012 డిసెంబర్ ఎక్కడ, 2020 మార్చి ఎక్కడ? ఇలాంటి సినిమాలు చంపినవాడి మీద జాలి కలిగించడానికే తీస్తారని నాకు అనిపిస్తుంది. నేను ఈ సినిమా చూడలేదు, చూడను కూడా.

పెన్నా ఒడ్డు | శనివారం, రాత్రి 11:48

తమ్ముడూ, చూడకుండా ఆ మాట అనకు. ఈ సినిమా ఆ హత్యను దాచిపెట్టదు. మరణశిక్ష అమలవుతున్న సీను చూపిస్తూనే మధ్యమధ్యలో ఆ రాత్రి అడవిలో ఏం జరిగిందో చూపిస్తాడు. ఇటు సూది మందు ఎక్కుతుంటుంది, అటు ఆ పిల్లలు ప్రాణభయంతో వణుకుతుంటారు. నువ్వు ఎటువైపు ఉన్నా తల తిప్పుకోనివ్వడు. అసలు ఆ సిస్టర్ కూడా కల్పిత మనిషి కాదు. హెలెన్ ప్రెజాన్ అనే ఆవిడ 1993లో రాసిన పుస్తకమే దీనికి ఆధారం. తన తప్పు ఆవిడే ఆ పుస్తకంలో ఒప్పుకున్నారు. మొదట్లో బాధితుల ఇళ్ళకు వెళ్ళడానికి భయపడి దూరంగా ఉండిపోయారట.

ఇంకొకటి. ఈ సినిమాలో నుస్రత్ ఫతే అలీ ఖాన్ గొంతు ఉంది. ఎడ్డీ వెడ్డర్ అనే అమెరికా గాయకుడితో కలిసి పాడాడు. కసుమూరు దర్గా గంధం రాత్రి ఖవ్వాలీ వింటూ పెరిగినవాణ్ణి నేను. అమెరికా జైలు కథలో ఆ ఆలాపన వినిపించేసరికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఎవరో మన ఇంటి మనిషి పోయినట్టే ఉంటుంది.

కనిగిరి రోడ్డు | ఆదివారం, ఉదయం 6:20

నేను కుర్రోడి పక్షమే. కానీ కారణం వేరు.

మా నాయన లారీ డ్రైవరు. 2008లో మన హైవే మీద ఏం జరిగిందో ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అధికారులమని చెప్పి రాత్రిపూట ఇనుము లోడు లారీలు ఆపేవాళ్ళు. డ్రైవర్‌నూ క్లీనర్‌నూ తాడుతో బిగించి చంపి పూడ్చేసి, సరుకు అమ్ముకునేవాళ్ళు. మున్నా గ్యాంగ్ అన్నారు. ఆ సంగతి బయటపడ్డాక మా అమ్మ రాత్రి ఒంటిగంటకు, మూడింటికి ఫోన్ చేసేది. "ఎవురు చెయ్యెత్తినా ఆపొద్దయ్యా, కాకీ బట్టలేసుకున్నా ఆపొద్దు" అని చెప్పేది. నాయన ఫోన్ ఎత్తకపోతే మంచం మీద కూర్చునే తెల్లవార్చేది. నేను పక్కనే పడుకుని నిద్రపోయినట్టు నటించేవాణ్ణి.

2021 మేలో ఒంగోలు కోర్టు ఆ కేసుల్లో 12 మందికి ఉరిశిక్ష వేసింది. ఆ రోజు నాయన టీవీ ముందు కూర్చుని మాట్లాడలేదు. చివర్లో ఒకే మాట అన్నాడు, "ఆ క్లీనర్ పిల్లోళ్ళ ఇళ్ళకాడ ఈ వార్త ఎవురన్నా చెప్పుంటారా?" అని. దూరాభారం నుంచి వచ్చిన లారీలు అవి. మన జిల్లాలో చనిపోయారే గాని మన వాళ్ళు కాదు.

నాకు ఆ 12 మంది మీద జాలి లేదు, రాదు కూడా. కానీ అక్క అడిగిన ప్రశ్నే మా నాయన కూడా అడిగాడు, అందుకని రాస్తున్నా.

ఒంగోలు లాయరు | ఆదివారం, ఉదయం 9:05

కొన్ని విషయాలు సరిగ్గా తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసినంత మాత్రాన అది అమలు కాదు. హైకోర్టు ఖరారు చేయాలి. ఆ తర్వాత సుప్రీంకోర్టు, ఆపైన క్షమాభిక్ష అర్జీ. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ‘అత్యంత అరుదైన కేసుల్లోనే’ అనే కొలత పెట్టింది. నేరం ఎంత ఘోరమో చూస్తే సరిపోదు, ఆ మనిషి మారే అవకాశం ఉందా లేదా అన్నదీ చూడాలి. ఎన్‌కౌంటర్ గురించి తమ్ముడు రాశాడు. దాన్ని విచారించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో పోలీసుల కథనం నమ్మశక్యం కాదని చెప్పింది. ఆ నలుగురే చేశారని రుజువు చేసే అవకాశం కూడా ఆ తెల్లవారుజామునే పోయింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు కోర్టులో నిలబడి తమ బిడ్డ గురించి చెప్పుకునే రోజు ఇక రాదు. దాన్ని నేను త్వరగా దొరికిన న్యాయం అనలేను.

అల్లూరు చేను గారూ, మీ ప్రశ్నకు చట్టంలో ఉన్న జవాబు చాలా చిన్నది. 2009 చివరి నుంచి బాధిత కుటుంబానికి సొంతంగా అప్పీలు చేసుకునే హక్కు ఉంది. నిందితుణ్ణి వదిలేసినా, తక్కువ సెక్షను కింద శిక్ష వేసినా, పరిహారం చాలకపోయినా ఆ హక్కు వాడుకోవచ్చు. పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. నిందితుడు దొరకకపోయినా పెట్టుకోవచ్చు. ఈ సంగతి పదిమందిలో ఒక్కరికైనా ఎవరూ చెప్పరు. మా వృత్తిలో ఉన్న మేం కూడా చెప్పం. కేసు ప్రభుత్వానిది, బాధితులు సాక్షులు మాత్రమే అన్నట్టు నడుస్తుంది. సాక్ష్యం అయ్యాక దిగిపొమ్మంటారు. బోను దిగాక ఆ మనిషి ఎటు వెళ్ళాడో నేను కూడా ఇన్నేళ్ళలో తిరిగి చూసింది తక్కువ. ఆ మాట ఒప్పుకోవడానికే ఇదంతా రాశాను.

కందుకూరు బ్యారన్ | ఆదివారం, ఉదయం 11:30

1993లో చిలకలూరిపేట బస్సు దహనం గుర్తొచ్చింది. 23 మంది కాలిపోయారు. ఉరిశిక్ష పడిన ఇద్దరి కోసం రాష్ట్రమంతా ఉద్యమం నడిచింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. ఆ ఉద్యమం తప్పని నేను అనను, సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ఇద్దరి పేర్లు నాకు ఇవాళ్టికీ నోటికొచ్చు. కాలిపోయిన 23 మందిలో ఒక్కరి పేరు కూడా తెలియదు. అక్క పోస్టు చదివాక పొద్దున్నుంచి అదే ఆలోచన.

చీరాల నేత | ఆదివారం, మధ్యాహ్నం 2:10

ఇక్కడ అందరూ శిక్ష పడిన కేసుల గురించే మాట్లాడుతున్నారు. శిక్షే పడని చోట, ఏళ్ళు గడిచాక పడిన చోట సంగతి?

1985 జులై 17. కారంచేడు. అప్పుడది ప్రకాశం జిల్లాలోనే ఉండేది. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవకు ఆరుగురు దళితుల్ని వెంటాడి చంపారు. బతికినవాళ్ళు మా చీరాలకు పరిగెత్తుకొచ్చారు. శిబిరంలో గంజి కాచిన చేతుల్లో మా పెద్దమ్మవి కూడా ఉన్నాయి. సుప్రీంకోర్టులో ఆఖరి తీర్పు వచ్చింది 2008లో. ఇరవై మూడేళ్ళు. చుండూరు ఇంకా ఘోరం. 1991లో ఎనిమిది మందిని చంపారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

డెలాక్రూకు ద్వేషించడానికైనా ఒక ముఖం ఉంది. అద్దం ఇవతల కూర్చుని చూశాడు. చుండూరు తల్లులు ఎవరి వంక చూడాలి? క్షమించాలా వద్దా అని ఆలోచించాలన్నా ముందు ఫలానావాడు తప్పు చేశాడని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. అది చెప్పకుండా మమ్మల్ని క్షమించమంటే, నోరు మూసుకోమన్నట్టే. ఉరి కావాలని నేనెప్పుడూ అడగలేదు. తీర్పు కావాలి.

అల్లూరు చేను | ఆదివారం, సాయంత్రం 5:40

చీరాల నేత గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మాకు దొరికినదాని విలువ తెలిసింది. మాకు కనీసం ఒక తీర్పు కాగితం ఉంది. అమ్మ దాన్ని పట్టుచీరల అడుగున పెట్టింది.

లాయరు గారూ, ఒక సందేహం. తమ్ముణ్ణి చంపినతను లోపలికి వెళ్ళి పద్నాలుగేళ్ళు అవుతోంది. సత్ప్రవర్తన కింద వదిలేస్తారని ఊళ్ళో అనుకుంటున్నారు. అది నిజమా? మమ్మల్ని అడుగుతారా?

అతని భార్య ఇప్పుడు చేపల మార్కెట్టులో కూర్చుంటుంది. అమ్మ ఆ వరసలోకి వెళ్ళదు. పది రూపాయలు ఎక్కువైనా వేరే చోటే కొంటుంది. ఒకసారి నాతో వచ్చినప్పుడు దూరం నుంచి చూసి, "ఆ పిల్ల చిక్కిపోయింది" అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒంగోలు లాయరు | ఆదివారం, సాయంత్రం 6:25

పద్నాలుగేళ్ళకు వదిలేయాలని ఎక్కడా లేదమ్మా. యావజ్జీవం అంటే జీవితాంతమే. మరణశిక్ష కూడా పడదగ్గ నేరంలో యావజ్జీవం పడితే, ప్రభుత్వం శిక్ష తగ్గించాలనుకున్నా పద్నాలుగేళ్ళు లోపల గడిపి తీరాలి. అంతకు ముందు వదలకూడదన్నదే ఆ లెక్క. విచారణ ఖైదీగా ఉన్న రోజులూ అందులో కలుస్తాయి. ఆ తర్వాత వదలాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం. మిమ్మల్ని పిలిచి అడుగుతారని మాత్రం ఆశపడకండి. చెప్పాల్సింది ఉంటే మీరే రాతపూర్వకంగా పంపండి. వద్దు అనే రాయాలని లేదు, మీ మనసులో ఏముందో అదే రాయండి. కాగితం రాసిపెట్టే పని నాకు ఇవ్వండి, ఫీజు మాట ఎత్తకండి.

రిటైర్డ్ వార్డర్ | ఆదివారం, రాత్రి 8:15

నేను జైలు శాఖలో ముప్పై ఏళ్ళు చేశాను. ఎక్కడెక్కడో రాయను. సినిమా మా అమ్మాయి పెట్టిస్తే ఇవాళ మధ్యాహ్నం చూశాను.

చివరి నడకలో సిస్టర్ చెయ్యి ఆ ఖైదీ భుజం మీద ఉంటుంది. ఆ చెయ్యి విలువ బయటివాళ్ళకు తెలియదు. ములాఖత్‌లో జాలీకి అటు ఒకరు, ఇటు ఒకరు. తల్లులు జాలీ కన్నంలోంచి చిటికెన వేలు పెట్టేవాళ్ళు, కొడుకు దాన్ని పట్టుకుని నిలబడేవాడు. టైమయింది అని చెప్పాల్సింది నేను. చూడనట్టు ఇంకో నిమిషం ఊరుకునేవాణ్ణి.

చనిపోయినవాళ్ళ తరపు మనిషి జైలు గేటు దాకా రావడం నా సర్వీసులో ఒక్కసారే చూశాను. పంచె కట్టుకున్న పెద్దాయన, చేతిలో గుడ్డ సంచి. కొడుకును చంపినవాణ్ణి చూడాలన్నాడు. లోపలికి కబురు పంపితే ఆ ఖైదీ రానన్నాడు. రానంటే మేం బలవంతపెట్టలేం. ఆయన వేపచెట్టు కింద కూర్చుంటే నేను మంచినీళ్ళు ఇచ్చి, ఏం అడగాలని వచ్చావు పెద్దాయనా అన్నాను. "మావోడు ఆఖర్న ఏమన్నా అన్నాడేమో అడుగుదామని" అన్నాడు. నీళ్ళు తాగి, చెంబు కడిగి బోర్లించి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

కోర్టు వంద ప్రశ్నలు అడుగుతుంది. ఏ కత్తి, ఎన్ని పోట్లు, ఎంత దూరం, వెలుతురు ఉందా. ఆ పెద్దాయన ప్రశ్న ఏ కాగితంలోనూ ఉండదు. దానికి జవాబు ఒక్కడి దగ్గరే ఉంది, వాడు రానన్నాడు. నేను ఆ సాయంత్రం లోపలికి వెళ్ళి ఆ ఖైదీని ఇంకోసారి అడిగి ఉండాల్సింది. డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళిపోయాను.

కనిగిరి రోడ్డు | ఆదివారం, రాత్రి 8:40

సార్, మీ పోస్టు మా నాయనకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు.

సూళ్లూరుపేట కుర్రోడు | సోమవారం, తెల్లవారుజామున 1:30

సినిమా చూశాను. చూడనని రాసినందుకు పెన్నా ఒడ్డు అన్న మన్నించాలి.

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. వాడు చేసినపని చూపించినప్పుడు, చావాల్సిందే అనిపించింది. కానీ అమ్మాయి తల్లిదండ్రులు, ఆ పర్సీ దంపతులు, సిస్టర్‌ను ఇంట్లోకి పిలిచి మర్యాద చేస్తారు కదా, ఆమె వాణ్ణి వదిలేసి తమవైపు వచ్చేసిందనుకుని. కాదని తెలియగానే బయటికి పొమ్మంటారు. నాకు వాళ్ళే నచ్చారు. ఇప్పటికీ నేను ఆ ఇంటి మనిషినే. సినిమా వాళ్ళను చెడ్డవాళ్ళుగా చూపించలేదు, అది నేను అనుకోలేదు.

చివర్లో వాడు డెలాక్రూను క్షమించమని అడుగుతాడు. పర్సీలతో మాత్రం, నా చావు మీకు కొంత ఊరటనిస్తుందని ఆశిస్తున్నాను అంటాడు. శిక్ష అయిపోయింది. పర్సీలకు ఊరట వచ్చిందో లేదో సినిమా చెప్పదు. డెలాక్రూ మాత్రం వాడి సమాధి దగ్గరికి వచ్చి దూరంగా నిలబడతాడు. ఎందుకొచ్చానో నాకే తెలియదంటాడు. ఆ తర్వాత చర్చి కిటికీలోంచి డెలాక్రూ, సిస్టర్ ఇద్దరూ ప్రార్థన చేసుకుంటూ కనిపిస్తారు, సినిమా అయిపోతుంది. క్షమించాడని మనకు ఎక్కడా చెప్పలేదు. అక్కా, మీ అమ్మగారు ఏమంటున్నారు, అతన్ని వదిలేస్తే?

అల్లూరు చేను | సోమవారం, రాత్రి 9:20

ఈ పోస్టు రాయడానికి రోజంతా పట్టింది.

మొహర్రంలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ మీ అందరికీ తెలుసు. కోరిక ఉన్నవాళ్ళు నీళ్ళలో నిలబడి, కోరిక తీరినవాళ్ళ చేతుల్లోంచి రొట్టె తీసుకుంటారు. తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. తమ్ముడు పోయిన మరుసటి ఏడు అమ్మ వెళ్ళింది. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె అని అందరూ కేకలు వేస్తుంటే, అమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి కోర్టు రొట్టె ఉందా అని అడిగింది. చివరికి ఎవరో ఒకావిడ, భూమి దావా గెలిచిందట, ఆవిడ ఇచ్చింది. అమ్మ నీళ్ళలోనే నిలబడి సగం తిని, సగం నాకు పెట్టింది.

2016లో తీర్పు వచ్చింది కదా, ఇక రొట్టె తీసుకెళ్ళాలి. అమ్మ వెళ్ళలేదు. మొక్కు ఉంచుకోకూడదని పక్కింటివాళ్ళు కూడా చెప్పారు. వినలేదు. అడిగితే, "తీరిందని నేను చెప్పలేను" అంది.

నిరుడు ఆమే లేచి పిండి కలిపింది. ఇద్దరం వెళ్ళాం. మోకాటి లోతు నీళ్ళలో నిలబడింది, రొట్టె కొంగు కింద పెట్టుకుంది. చంకలో బిడ్డతో ఒక అమ్మాయి వచ్చి "ఏం రొట్టె అమ్మా?" అని అడిగింది. అమ్మ ఆ అమ్మాయిని చాలాసేపు చూసింది. "నాకింకా తెలియదు తల్లీ" అని చెప్పి గట్టెక్కింది. ఆ రొట్టె ఇంటికే తెచ్చుకున్నాం.

అతన్ని వదిలేయడం గురించి అడిగితే అమ్మ ఏమీ అనలేదు. నిన్న రాత్రి వార్డర్ గారి పోస్టు చదివి వినిపించాను. ఆ పెద్దాయన దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చుంది. "మనం పోతే వాడు వస్తాడా?" అని అడిగింది.

రిటైర్డ్ వార్డర్ | సోమవారం, రాత్రి 9:35

అమ్మా, ములాఖత్ అర్జీ ఎలా పెట్టాలో నేను చెబుతాను. నాకు మెసేజ్ పెట్టండి. వాడు మొదటిసారి రానంటే మళ్ళీ పెడదాం.

పెన్నా ఒడ్డు | సోమవారం, రాత్రి 9:50

అక్కా, మాది దర్గామిట్ట పక్కనే. ఈసారి పండగకు అమ్మను తీసుకుని ముందురోజే మా ఇంటికి వచ్చేయండి. చెరువుకు నడిచే వెళ్ళొచ్చు. రొట్టెల పిండి మా అమ్మీ కలుపుతుంది.